ఎదురు ఫ్లాట్‌లో ఆపా

"మిషన్ సింపుల్. సలాలా వెళ్ళి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకో," అన్నాడు చీఫ్ ఇస్రాయేలు. మస్కట్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక వాళ్ళ ఆఫీసు. 1992, జులై.

"టార్గెట్?" అడిగాడు ఏజెంట్ సంజీవ్.

"ఎదురు ఫ్లాట్. పేరు షైస్తా. హైదరాబాదీ, అత్తరు షాపు నడుపుతుంది. రైసూత్ పోర్టులో మన సరుకు ఓడను పేల్చాలని చూస్తున్న విదేశీ ముఠాకు ఆ ఇల్లే అడ్డా."

దొంగ మీసం, ఏసీ మెకానిక్ టూల్‌బాక్స్‌తో సంజీవ్ సలాలాలో దిగాడు. తుంపర్ల సీజను. వాన చూడటానికి గల్ఫ్ అంతా అక్కడికే వచ్చినట్టు వీధినిండా కార్లు, హారన్లు. మూడో అంతస్తు ఫ్లాట్‌లో కుళాయిలోంచి చుక్క రాలడం లేదు. పరుపు చెమ్మ వాసన. స్టవ్ వెలగదు.

తలుపు చప్పుడైంది. సిల్కు దుపట్టా, కాటుక కళ్ళు, చేతిలో వేడి గిన్నె. షైస్తా!

"కొత్తగ దిగినవా భాయ్? మోటరు స్విచ్ మెట్ల కింద ఉంటది. గ్యాస్ సిలిండర్ నేను పంపిస్త. ముందుగాల ఈ ఖిచ్డీ తిను."

వారం తిరిగేసరికి అతని కిటికీలకు ఆమె కుట్టిన కర్టెన్లు వేలాడాయి. అతను ఆమెను అక్కా అన్నట్టే "ఆపా" అని పిలవసాగాడు. బదులుగా ఓ గోడ గడియారం ఇచ్చాడు. అందులో మైక్రోఫోన్.

"తమ్ముడిచ్చిండు," అంటూ ఆమే దాన్ని హాల్లో తగిలించింది. సంజీవ్ టూల్‌బాక్స్ సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం. రిసీవర్‌లో పరాయి యాస గొంతు. "బాంబు ఓడలో పెట్టేశాం. నాలుగింటికి పేలుతుంది."

సంజీవ్ పిస్టల్‌తో ఎదురింట్లోకి దూకేసరికి ఆ గొంతు మనిషి వెళ్ళిపోయాడు. పోర్టు క్లీనర్ యూనిఫాంలో, ముఖానికి గుడ్డ చుట్టుకుని షైస్తా బయల్దేరుతోంది.

"నల్లకలువ!" అందామె. అది చీఫ్ కోడ్ వర్డ్.

"మా కోడ్ నీకెవరమ్మారు?" ముఖం మీది గుడ్డ లాగేసి, చేతులు వెనక్కి విరిచి తాడుతో కుర్చీకి కట్టేశాడు.

"నేను డబుల్ ఏజెంట్‌ని భాయ్! బాంబు తీయనీకె పోతున్న. ఇస్రాయేలు సాబ్‌ని అడుగు!"

ఇల్లంతా సోదా చేశాకగానీ అతను వైర్‌లెస్ అందుకోలేదు.

"ఆమె మన మనిషే!" చీఫ్ అరిచాడు. "ఎవరికీ తెలియకపోతేనే ఆమె ప్రాణానికి రక్ష అని నీకూ చెప్పలేదు. విప్పు!"

పోర్టు గేటు దగ్గర ఆమెకు ముఖానికి మళ్ళీ గుడ్డ చుట్టుకునే వ్యవధి కూడా లేకపోయింది. ఇద్దరూ ఇంజిన్ రూమ్‌లోకి పరుగెత్తారు. తాడు కోసుకుపోయి ఆమె వేళ్ళకు స్పర్శ లేదు. కటర్ జారిపోయింది.

"నువ్వే కొయ్యి. ఎర్రది కాదు... దాని కింద తెల్లది."

టిక్. టైమర్ ఒకటి దగ్గర ఆగింది.

ముఠా దొరికింది, ఒక్కడు తప్ప. గేటు దగ్గర ముఠా తరఫున కాపలా ఉన్న వాడు, సంజీవ్‌తో పరుగెత్తుతున్న ఆమె ముఖం చూసి మరీ పారిపోయాడు. ఇక ఆమె ఒమన్‌లో ఉండటానికి లేదు.

ఆ సాయంత్రమే సూట్‌కేసు మోస్తూ సంజీవ్ మెట్లు దిగాడు. "ఆపా, గడియారంలో..."

"మైక్ అని తొలిరోజే తెలుసు. పాపం, తమ్ముడు గూడ డ్యూటీల ఉన్నడనుకున్న."

"నాకు చేసిందంతా... మీకూ డ్యూటీయేనా?"

షైస్తా కమిలిన మణికట్టు మీదికి దుపట్టా కొస లాక్కుంది. "డ్యూటీ అయితే ఇంత బాధ ఎందుకైతది భాయ్?"

టాక్సీ మలుపు తిరిగింది. అతను తల ఎత్తలేదు.

వెనక నుంచి వాచ్‌మన్ ఇస్తారి వచ్చాడు. "సార్, ఆపా ఫ్లాట్ ఖాళీ అయింది. మీ దానికన్న గాలి మంచిగొస్తది. మారుతరా?"