మంగళవారాల తేడా

"సంతకం పెట్టేయండి మేడమ్. ఆకుల్లో తేమ నిలపాల్సిన మందు పనిచెయ్యలేదు. ఏడు నెలల కష్టం మట్టిపాలు."

టమాటా మొక్కల మీద పరిశోధన చేసే కుర్రాడు రిపోర్టు టేబుల్ మీద పడేశాడు. సాయంత్రంలోగా అది ప్రొఫెసర్‌కు చేరితే ప్రయోగం మూతపడుతుంది.

లెక్కల మేడమ్‌కు ఒళ్లు మండింది. పరిశోధకుల డేటా సరిచూసి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. పైగా ప్రయోగం ఆగితే ఈ మనిషి మళ్లీ ఈ గది గడప తొక్కడు. అది ఆమెకు అస్సలు నచ్చలేదు.

"సగటు చూసి చేతులెత్తేస్తే ఎలా? రోజులవారీగా విడదీశారా?"

"ఎందుకండీ? మొక్కలకు వారాలు తెలుస్తాయా?"

"కొలిచేవాళ్లకు తెలుస్తాయిగా!"

స్క్రీన్ మీద రెండు గీతలు వచ్చాయి, మందు వేసిన మొక్కలది ఒకటి, వెయ్యనివాటిది ఒకటి. మిగతా రోజుల్లో రెండూ అతుక్కుని నడిచాయి. మంగళవారం మాత్రం మందు వేసిన ఆకుల్లో తేమ చాలా ఎక్కువ. ఒకటి రెండు వారాలైతే పొరపాటనుకోవచ్చు. ముప్ఫై మంగళవారాలూ అదే వరస.

"మంగళవారం మీరేం చేస్తున్నారు?"

"రోజూ మధ్యాహ్నం కొలుస్తాను. ఆ ఒక్కరోజు పొద్దున ఆరింటికే..."

"అదీ సంగతి! మందు పొద్దునపూట పనిచేస్తోంది. ఎండెక్కాక రెండూ ఒకేలా వాడిపోతున్నాయి. మీరు అన్నీ కలిపేసి సగటు తీశారు. ఇంతకీ ఆ రోజు ఎందుకంత తొందర? కారణం రిపోర్టులో రాయాలి."

"రాయలేనండీ. డౌట్లున్నవాళ్ల కోసం మంగళవారం పదింటికి మీ గది తెరుస్తారు. ఆలస్యమైతే నా వంతు రాదు."

"డౌట్లు మెయిల్ చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చు. కానీ నాకు డౌట్లేమీ లేవు. ఏ మంగళవారమూ లేవు."

అతని చెవులు పండు టమాటాల్లా ఎర్రబడ్డాయి. ఆమెకు సంతోషం ఆగలేదు. గబుక్కున ఫోన్ అందుకుంది.

"సార్, ప్రయోగం ఆపొద్దు. రోజూ రెండు పూటలా కొలిచి చూడాలి. గట్టి ఆధారమే దొరికింది."

"ఒక్క నెల ఇస్తాను. మళ్లీ అడగొద్దు," అన్నాడు ప్రొఫెసర్.

ఫోన్ పెట్టేసి ఆమె కుర్రాడి వైపు తిరిగింది. "ఇద్దరం విడివిడిగా కొలుద్దాం. ఏ మొక్కకు మందు వేశారో నాకు చెప్పకండి."

"మీరు రోజూ ఆరింటికి వస్తారా?"

"నెలరోజులు మొక్కల కోసం వస్తాను. ఆ తర్వాత రావాలంటే నోరు తెరిచి అడగాలి."

"నెల ఆగలేనండీ. ఇప్పుడే అడుగుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. వస్తారా?"

ఏ లెక్కా చూసుకోకుండా ఆమె వెంటనే, "వస్తాను," అంది.