పట్టపగలు తాగిన జావ

గుటక నీళ్లు దిగడం లేదు, అయినా మందు ముట్టదట! సీసా చేత్తో పట్టుకుని మదార్‌బీ కోడలి ముందు కూలబడింది. నజీరా నోరు తెరిస్తే నాలుకంతా తెల్లటి పూత... పెరుగు పేరుకున్నట్టు! మిరపకాయల తొడిమలు తీసే చోట ఘాటు కొట్టిందనుకుని ఇన్నాళ్లూ నెయ్యి రాశారు. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి అసలు సంగతి చెప్పింది. రోగాన్ని ఆపే శక్తి తగ్గిన ఒంట్లో, నోటికి పట్టే బూజు ఇది. ఈ చుక్కలు పూటపూటకీ నోట్లో తిప్పి మింగితే తగ్గుతుంది. అశ్రద్ధ చేస్తే గొంతులోకి దిగుతుంది!

"జబ్బు మనిషికి ఒకపొద్దు లేదే పిచ్చిదానా! మసీదులో హజరత్ గారే చెప్పారుగా?"

"ఒకపొద్దు గురించి కాదత్తా..." నజీరా కళ్లనీళ్లు కారిపోయాయి. "రంజాన్ నెల్లో పగలు మింగితే ఎవరో ఒకరు చూస్తారు. ఏం జబ్బంటారు. ఆయన పోయినప్పుడు కామెర్లన్నాం... ఇప్పుడు ఆయన పేరు వీధిన పడెయ్యమంటావా?"

మదార్‌బీ మందు సీసా బొడ్లో దోపుకుంది. పత్తి బేరాలకని ఊళ్లు తిరిగి కొడుకు షఫీక్ తెచ్చుకున్న జబ్బు! ఎవరికీ చెప్పొద్దని ఈ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నది తనే. చచ్చిన కొడుకు పరువు కోసం బతికున్న కోడలు మాడి చావాలా?

లేచింది. కారం తగలని బియ్యపు జావ చల్లార్చి తెచ్చింది. కోడలి రెక్క పట్టుకుని వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. మిట్టమధ్యాహ్నం!

ఎదురింటి ఖాదర్‌బీ ఆగలేకపోయింది. "ఏందక్కా, నువ్వేమో ఒకపొద్దుంటివి, కోడలికి నడివీధిలో జావ తాగిస్తున్నావు! ఏమైందేంటి దానికి?"

నజీరా లేవబోయింది. మదార్‌బీ రెక్క వదల్లేదు.

"ఎయిడ్స్! నా కొడుకు అంటించి పోయాడు. కన్నదాన్ని, నేనే చెప్తున్నా. దీని తప్పు ఇసుమంత లేదు. ఇంకేమైనా అడగాలా?"

ఖాదర్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. వేసుకోనీ!

"అత్తా... ఆయన పరువు..."

"వాడికింక ఆకలెయ్యదే అమ్మా. నీకేస్తుంది. నోరు తెరు."

నజీరా ఏడుస్తూనే తాగింది. మంట పుట్టినా మింగింది. మదార్‌బీ చెంగుతో మూతి తుడిచి, నాలుక మీద చుక్కలు వేసి, మందు గొంతు దిగే దాకా గడ్డం పట్టుకుని అక్కడే కూర్చుంది.