నడిదిబ్బ పొలి

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి భయపడని మనిషి కూడా ఆ వేళకు భయపడాలి. రాత్రయితే దీపం పెట్టుకుంటాం, తలుపుకు గడియ వేసుకుంటాం. పట్టపగలు గడియ వేసుకునేది ఎవరు? కారుమేఘాలు ఆకాశాన్ని ఆసాంతం మింగేశాయి. బంగారు గనుల మీదుగా ఒక ఉరుము దొర్లుకుంటూ వచ్చి, కామసముద్రం దాటి, ఆంధ్ర సరిహద్దు దగ్గర ఆగిపోయింది. చెరువుగట్టు మీది తుమ్మచెట్టులో గుడ్లగూబ కూసింది... ఒకసారి కాదు, ముమ్మారు! పగటిపూట గుడ్లగూబ కూయగా విన్నవాళ్లు దొడ్డేరిలో ఒక్కరూ లేరు. ఆడవాళ్లు పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కున్నారు.

ఆ చెరువు నట్టనడుమ ఉంది నడిదిబ్బ!

నాలుగెకరాలు కూడా లేని రాతిగుట్ట అది. ఇవతలి గట్టున కర్ణాటక వాళ్ల దొడ్డేరి, అవతలి గట్టున ఆంధ్రా వాళ్ల నల్లగుట్లపల్లి. ఇరవై ఏళ్లు చెరువు ఎండిపోయి ఉన్నన్నాళ్లూ దాని మొహం కుక్క కూడా చూడలేదు. ఆ తరువాత కుండపోత వానలకు చెరువు నిండింది, సర్వే రాళ్లు మునిగాయి, గుట్ట ద్వీపమైంది. ఊరిగాంలో ఉండే మునిశామప్ప అనే ముసలి గని కార్మికుడు చేపల కోసం అక్కడికి పోయి, ఒక తెల్లరాయి పగలగొట్టి, నాలుకతో తడిపి ఎండలో తిప్పి చూశాడు. "రీఫు ఉండాదప్పా దీన్లో. రాతిలో బంగారు చార" అన్నాడు. ఆ మాట ఆయన గుటుక్కున మింగి ఉంటే ఎంత బాగుండేది!

ఆనాటి నుంచి రెండు ఊళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. రెండు రాష్ట్రాల సర్వేయర్లూ వచ్చారు. వీళ్ల పటంలో దిబ్బ ఇటుంది, వాళ్ల పటంలో అటుంది. కర్రలు లేచాయి, కేసులు పడ్డాయి, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఆగిపోయాయి. దొడ్డేరి పెద్ద మునివెంకటప్పకు కోర్టుల మీద నమ్మకం పోయి, చివరికి బచ్చప్ప గడప తొక్కాడు.

బచ్చప్ప! మూతబడిన గని పక్కన, కప్పు కూలిన పాత కంపెనీ ఇంట్లో కాపురముండే క్షుద్రోపాసకుడు. పదివేల అడుగుల పాతాళంలో బండ విరిగిపడి చచ్చిన ఏ అభాగ్యుడిదో కపాలం వాడి ఆరాధనాపీఠం. ఆ కపాలపు కనుగుంటల్లో గనిమట్టి ఎప్పుడూ తడిగానే ఉండేది... ఎండాకాలంలో కూడా!

"మా ఊరి పొలి ఆ దిబ్బ మీద పడాల. అంతే" అని మునివెంకటప్ప ఊరి పొలిగంపను వాడి చేతిలో పెట్టాడు.

బుద్ధి గడ్డి తినడమంటే అదే. ఏటా జాతర నాడు మేకపోతు నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి చుట్టూ చల్లుతారు. అదే పొలి. పొలి పడినంత మేర ఊరు. ఆ మేరను గంగమ్మ కాస్తుంది, అందుకు ఆ ఊరికి చెందిన ఒక తలను తీసుకుంటుంది; పాత మేరకైతే మేకపోతు తల, కొత్త మేరకైతే మనిషి తల. పక్క ఊరి పొలి తమ నేల మీద పడకుండా జనం కర్రలు పట్టుకుని తెల్లవార్లూ కాపలా కాస్తారు. అటువంటి గంపను పరాయివాడికి ఇవ్వడం దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే!

మరి మూడు రోజులుగా మునివెంకటప్ప కోడలు పుష్పావతి మనిషిలా లేదు. నల్లగుట్లపల్లిలో పుట్టిన పిల్ల. తగాదాకు ముందు ఆ రెండు ఊళ్ల మధ్య జరిగిన ఆఖరి పెళ్లి ఆమెదే. పాలు పితుకుతూ పితుకుతూ చెంబు వదిలేసి, గోడకు వీపు ఆనించి, ముసలి మగగొంతుతో "దించండ్రా... ఇంకా కిందికి దించండ్రా నన్ను..." అని అరిచింది. అమావాస్య పొద్దున, మొగుడు ఉమేశ్ బెంగళూరు రైలెక్కి పనికి పోయాక, తిన్నగా నడిచి నడుము లోతు నీళ్లలోకి దిగింది. అక్కడ ఆగి ఉన్న బచ్చప్ప పుట్టిపడవ ఎక్కి కూర్చుంది. ఒక్కసారైనా రెప్ప వేయలేదు.

గట్టు మీద అత్త చిన్నవెంకటమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది.

"గంప ఎవరికిచ్చినావు?"

"ఊరి మంచికే ఇచ్చినా. పొలి చల్లి వస్తానన్నాడు" అన్నాడు మునివెంకటప్ప. "పిల్లను తీసకపోతానని చెప్పలేదమ్మీ."

"గంగమ్మకు తల ఇయ్యాల కదా. ఎవరి తలని అడిగినావా?"

అతను దిబ్బ వైపు తిరిగాడు.

"రెండూర్లూ దిబ్బ మాదే అంటాండాయి. రెండూర్లకూ బిడ్డ ఇదొకతే. అట్లయితే దిబ్బకూ బిడ్డ ఇదే. దీని తలే తీస్తాడు వాడు." చిన్నవెంకటమ్మ కొంగు నడుముకు దోపింది. ఆమెకు కూతుళ్లు లేరు. గట్టున కట్టిన ఊరి పుట్టి వైపు పరుగెత్తింది.

దిబ్బ మీద పసుపు కుంకుమలతో షట్కోణం... నడుమ కపాలం! చుట్టూ కోసిన నిమ్మకాయలు, చితాభస్మం, ఇనుప ఉలి, తళతళలాడే కత్తి! షట్కోణం ముందు పుష్పావతి మోకరిల్లి ఉంది. జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తెల్లబడి, తల గిరగిరా తిప్పుతోంది. ఆమె నోటి నుంచి ఒకేసారి రెండు గొంతులు వస్తున్నాయి. ఒకటి పాతాళంలో చచ్చిన ఆ కపాలపు ముసలివాడిది. రెండోది, అడుగున నలిగిపోతున్నది, ఆమెదే. "అత్తా... అత్తా..."

బచ్చప్ప బీజాక్షరాలు జపిస్తూ దిబ్బ అంచు వెంట నడుస్తున్నాడు. గుప్పెడు గుప్పెడు నెత్తుటి మెతుకులు చల్లుతున్నాడు. గుప్పెడు పడ్డ చోటల్లా చెరువు నీరు సలసలా పొంగుతోంది.

దొడ్డేరి వాళ్లు మూడు పుట్లలో బయలుదేరారు. అవతలి గట్టు నుంచి పుష్పావతి తండ్రి అంజినప్ప కూడా ఊరి జనంతో నాలుగు పుట్లు వేసుకుని వస్తున్నాడు. దిబ్బకు ఇరవై బారల దూరంలో రెండు పక్షాలూ ఎదురుపడ్డాయి. ఏం చేయాలి వాళ్లు? బిడ్డను కాపాడుకోవాలి కదా! చెప్పడానికి సిగ్గుగా ఉంది... తెడ్లు అడ్డం పెట్టుకుని ఆగిపోయారు.

"ముందు మీరు కాలు పెట్టకూడదు" అన్నాడు అంజినప్ప. "పెడితే రేపు కోర్టులో మాదే అంటారు."

"నీ బిడ్డ చస్తాండాదయ్యా అక్కడ" అన్నాడు మునివెంకటప్ప.

"అందుకే మేం పోతాం. మీరు జరగండి."

ఎవరూ జరగలేదు. మెరుపు వెలుగులో బచ్చప్ప వాళ్లను చూసి వికటాట్టహాసం చేశాడు. వాడికి తెలుసు, ఈ జనం ఇలాగే ఆగిపోతారని. ఇక వలయం పూర్తి కావడానికి మిగిలింది మూడు గుప్పెళ్లే. వాడు కత్తి అందుకుని, పుష్పావతి జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. ఆమె మెడకు పైన కత్తి మెరవడం పుట్టిలోంచి కూడా కనిపించింది.

చిన్నవెంకటమ్మ లేచి నిలబడింది. పుట్టి ఊగింది, అయినా నిలబడింది. దోసిట్లోకి చెరువు నీళ్లు తీసుకుంది.

"గంగమ్మా, వినుకో తల్లీ. ఆ దిబ్బ మా ఊరు కాదు. మాకొద్దు. రాయొద్దు, బంగారమొద్దు. పిల్ల మాత్రం మాది" అని నీళ్లు వదిలేసింది.

మునివెంకటప్ప ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చూసిన చూపుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మాది కాదు తల్లీ" అన్నాడు. వెనక పుట్లలోని వాళ్లూ అదే మాట అన్నారు.

ఇక అందరి చూపూ అంజినప్ప మీద పడింది. దిబ్బ కోసం కేసు వేసినవాడు అతనే, జైలుకు పోయినవాడూ అతనే. అతను తెడ్డును ఇంకా అడ్డంగానే పట్టుకున్నాడు. కత్తి ఇంకో జానెడు దిగింది.

"అన్నా" అంది చిన్నవెంకటమ్మ మెల్లగా. "రాయి కావాల్నా, బిడ్డ కావాల్నా?"

అంజినప్ప భోరుమన్నాడు. ఏడుస్తూనే నీళ్లు వదిలాడు. "మాది కాదమ్మా. మా ఊరికొద్దు. నా బిడ్డను ఇచ్చేయి."

ఫెళఫెళమని పిడుగు పడింది! కపాలం నిలువునా రెండు చెక్కలైంది! ముసలి గొంతు పుష్పావతి నోట్లోనే తెగిపోయింది. ఆమె ఒళ్లంతా సడలి నేలకు ఒరిగిపోయింది. బచ్చప్ప చేతిలోంచి ఆమె జుట్టు జారిపోయింది.

అయినా వాడు బెదరలేదు. పైపెచ్చు నవ్వాడు. "వద్దన్నారా? మేలాయె. ఇంగ ఈ దిబ్బ నాదొక్కడిదే" అని మిగిలిన మూడు గుప్పెళ్ల పొలీ గబగబా చల్లి వలయం కలిపేశాడు.

గాలి ఆగిపోయింది. ఉరుము ఆగిపోయింది. పుష్పావతి లేచి కూర్చుంది. నుదుట చెమట, కళ్లలో అలివిమాలిన శాంతం. ఆ గొంతు ఆమెది కాదు, పాతాళానిదీ కాదు. పక్కింటి ముత్తైదువ పలకరించినట్టు ఉంది ఆ గొంతు. అది గంగమ్మేనని తెలిసి పుట్లలోని మగవాళ్లు కూడా తెడ్లు వదిలేశారు.

"ఏ ఊరు నాయనా ఇది?"

"నా... నా ఊరు తల్లీ."

"పొలి చల్లినావా?"

"చల్లినా."

"ఎందరుండారు మీ ఊర్లో?"

బచ్చప్ప చుట్టూ చూశాడు. అప్పుడు తెలిసింది వాడికి! ఎదురుగా ఉన్న పిల్ల రెండు ఊళ్ల సొత్తు, తన ఊరి మనిషి కాదు. చేపపిల్లయినా తనది కాదు. వాడి నోట్లోంచి పిల్లి కూనలాంటి శబ్దం వచ్చింది.

"మరి నా తల యాడ?" అంది ఆమె.

వాడు పరుగెత్తాడు. తాను చల్లిన పొలి దాకా పోయి గోడకు కొట్టుకున్నట్టు వెనక్కి పడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. అప్పుడు... మెతుకులు కదిలాయి! చల్లిన ప్రతి మెతుకూ చీమలా పాకుతూ లోపలికి రాసాగింది. వలయం దిబ్బంత ఉన్నది ఇల్లంత అయింది, ఇల్లంత ఉన్నది చాపంత అయింది. పుష్పావతిని దాటుకుంటూ పోయాయి మెతుకులు, ఆమె కొంగును కూడా అంటలేదు. వాడు మునివేళ్ల మీద నిలబడ్డాడు. "దొడ్డేరోళ్లు ఇచ్చిన గంప తల్లీ ఇది... నాది కాదు... నాది కాదు..." అని కేకలు పెట్టాడు. ఎర్రటి మెతుకులు వాడి పాదాలెక్కాయి, మోకాళ్లెక్కాయి, మెడ చుట్టూ హారంలా బిగిశాయి. కేక సగంలో ఆగింది.

కాలికింది రాయి నోరు తెరిచి మొండేన్ని మింగి మళ్లీ మూసుకుంది. తల మాత్రం దొర్లి నీళ్లలో పడింది. చెరువు ఒక్కసారి గుటక వేసినట్టు శబ్దమైంది. అంతటితో వాన మొదలైంది.

పుష్పావతిని రెండు ఊళ్ల వాళ్లూ కలిసే పుట్టిలోకి ఎత్తారు. ఆమెకు ఏమీ గుర్తులేదు. "ఆవు పాలు పిండేశారా అత్తా?" అని మాత్రం అడిగింది. చిన్నవెంకటమ్మ ఆమెను గుండెకు అదుముకుని గట్టు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆ కార్తీకంలో రెండు రాష్ట్రాల సర్వేయర్లూ కొత్త పటాలతో మళ్లీ వచ్చారు. దిబ్బ మాది కాదని దొడ్డేరి వాళ్లు రాసిచ్చారు. మాదీ కాదని నల్లగుట్లపల్లి వాళ్లూ రాసిచ్చారు. సర్వేయర్లు బిత్తరపోయారు.

"మరి ఎవరిదమ్మా అది?" అని ఒకాయన చిన్నవెంకటమ్మను అడిగాడు.

"అది బచ్చప్ప ఊరు సామీ" అంది ఆమె. "ప్రతి అమావాస్య పగలు తల కోసం అరుస్తాంటాడంట. కొలవాలంటే ఆయప్పను అడిగి పోండి."

ఆ రోజు చెరువులో పుట్టి దిగలేదు.