కీప్యాడ్ ఫోన్‌లో ఓటీపీ

దేశాలు తిరుగుతూ పని చేసుకుందామని బ్యాంకాక్ విమానం ఎక్కేనాటికి ఐజాజ్ దగ్గరున్న పెట్టుబడి మూడే. పాత లాప్‌టాప్. కొత్త పాస్‌పోర్ట్. ఆన్‌లైన్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసి సంపాదించుకున్న మంచి పేరు.

అక్కణ్ణుంచి వియత్నాంలోని హనోయ్ చేరాక ఆ పేరు పోయింది.

ఎవరో అతని ఫ్రీలాన్స్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేశారు. క్లయింట్లను, రివ్యూలను మొత్తంగా కాజేశారు.

ఐజాజ్ తిరుగు విమానం ఎక్కాడు. ఎక్కే ముందు నరసరావుపేట వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒక ఫొటో పెట్టాడు. చిన్ననాటి దోస్తు యాసిన్‌ది. కింద ‘దొంగ’ అని రాశాడు.

ఊళ్లో దిగి నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు. ఎస్సై సలోమి ఎదురుగా కూర్చున్నాడు.

“ఎవరి మీద అనుమానం?”

“అనుమానం ఏంది మేడం, యాసినే. నా ఇండియా సిమ్ వాడి మొబైల్ షాపులో ఉంది.”

“అక్కడెందుకుంది?”

“రోమింగ్ ఖర్చెందుకని కీప్యాడ్ ఫోన్‌లో వేసి ఇచ్చిపోయా. ఓటీపీ వస్తే చదివి చెప్పేవాడు.”

“ఫోన్‌కి లాకుందా?”

“లేదు.”

“ఇంటి తాళం కూడా ఇచ్చిపోకపోయావా?”

ఐజాజ్ తన ఫోన్ తీశాడు. యాసిన్ షాపు సీసీ కెమెరా క్లిప్ చూపించాడు.

“పాస్‌వర్డ్ మారినట్టు మెయిల్ వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం 2:55కి. అదే టైంకి వాడి చేతిలో నా ఫోన్. చూడండి.”

“క్లిప్ ఎవరిచ్చారు?”

“నేనడిగితే వాడే పంపాడు. వాణ్ణి లోపలెయ్యండి మేడం. ఆ షాపు మూతపడాల. అప్పుడుగాని నాకు నిద్ర పట్టదు.”

సలోమి లేచింది. అతన్ని వెంటబెట్టుకుని యాసిన్ షాపుకు వెళ్లింది. పోలీసు జీపు చూసి పక్క ఫొటో స్టూడియో యజమాని మధుబాబు కూడా వచ్చాడు. ఐజాజ్ ఒకప్పుడు పని నేర్చుకుంది అతని దగ్గరే.

యాసిన్ కోపంతో ఊగిపోయాడు. “ఛార్జింగ్ పెట్టానురా దానికి! దొంగతనం చేసేవాణ్ణయితే నా కెమెరా కిందే నిలబడి చేస్తానా?”

“ఒప్పుకో యాసినూ, నలుగుట్లో గొడవెందుకు?” మధుబాబు సర్దిచెప్పబోయాడు.

సలోమి ఐజాజ్ వైపు తిరిగింది.

“మెయిల్ చూసినప్పుడు ఎక్కడున్నావు?”

“హనోయ్‌లో.”

“నీ ఫోన్‌లో టైం ఎక్కడిది?”

“అక్కడిదే...” ఐజాజ్ మెయిల్ టైం మళ్లీ చూసుకున్నాడు.

“హనోయ్ మనకన్నా గంటన్నర ముందు. అప్పుడిక్కడ 1:25. యాసిన్, శుక్రవారం 1:25కి ఎక్కడున్నావు?”

“మసీదులో. జుమ్మా నమాజు.”

“షట్టర్ దించిపోయావా?”

“దించను మేడం. మధన్న కూర్చుంటాడు. ఆదివారం ఆయన చర్చికి పోతే స్టూడియోలో నేను కూర్చుంటా. చానా ఏళ్ల నుంచి...” మాట పూర్తవకముందే యాసిన్ మధుబాబు వైపు తిరిగాడు.

ఫుటేజీ వెనక్కి తిప్పారు. 1:25. గల్లా ముందు మధుబాబు. ఒక చేతిలో కీప్యాడ్ ఫోన్. ఇంకో చేతిలో తన ఫోన్. ఒకదాంట్లో ఓటీపీ చూసి రెండోదాంట్లో కొడుతున్నాడు.

“పెళ్లిళ్ల సీజన్‌లో నన్ను నట్టేట వదిలి పోయాడు!” మధుబాబు అరిచాడు. “పెళ్లివాళ్లు నా మొహానే తిట్టారు. పని నేర్పింది నేను. ఆ పేరు నాది. లాక్కున్నా, అంతే!”

స్టూడియో కంప్యూటర్‌లో ఐజాజ్ అకౌంట్ తెరిచే ఉంది. మధుబాబును జీపెక్కించారు.

ఐజాజ్ యాసిన్ చెయ్యి పట్టుకోబోయాడు. “పొరపాటైందిరా. పోస్టులన్నీ తీసేస్తా.”

“తీసినా ఉంచినా ఒకటే. వకీలు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాడు. పరువు నష్టం దావా వేస్తన్నా.”

“ఒరేయ్, నా మీదా?”

“నీ మీదే. మా అమ్మ సిగ్గుతో గడప దాటట్లేదు. నువ్వు ఊరు దాటతావంట్రా?”

లెక్క తేలేసరికి ఐజాజ్‌కు అకౌంట్ తిరిగొచ్చింది. క్లయింట్లలో సగం మంది మళ్లీ పలికారు. పగబట్టిన మధుబాబు జైలు చూశాడు. కౌలాలంపూర్ బయల్దేరాల్సిన రోజునే యాసిన్ వేసిన దావాలో కోర్టు వాయిదా వచ్చింది. టికెట్ రద్దు చేసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో వాయిదా. ఇంకో టికెట్.

చివరికి చేతికొచ్చింది ఎక్కణ్ణుంచైనా చేసుకోగల పని. దాన్ని చేస్తున్నది మాత్రం నరసరావుపేట కోర్టు వరండాలో.