పేగు తీగల వయొలిన్

ఏదైనా కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసేదాకా సుభద్రకు అన్నం సయించదు. బిస్కెట్ ప్యాకెట్టయినా సరే, కళ్లజోడు పెట్టుకుని వెనకాల సన్నక్షరాలన్నీ చదివి, గుడ్డు కలవలేదని రూఢి చేసుకున్నాకే డబ్బాలో పోస్తుంది. భర్త మూర్తి ఆవిణ్ణి కస్టమ్స్ ఆఫీసరని వేళాకోళం చేస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో పది రోజులుగా ఒక నల్ల పెట్టె ఉంటే, ఆవిడ దాని గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. అలక మహిమ అది.

పెట్టెలో ఉన్నది వయొలినే. వయొలిన్ సుభద్రకు కొత్తా? కాకినాడలో తొమ్మిదో ఏట చేత పట్టింది. దుబాయ్ వచ్చాక ఖుసైస్‌లోని ఈ ఫ్లాట్ హాల్లోనే పదహారేళ్లుగా పిల్లలకు సరళీ వరుసలు చెబుతోంది. కానీ ఇది వేరే. గడ్డం ఆనించుకునే చెక్క లేదు. కమాను విల్లులా బయటికి వంగి ఉంది. మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఇలాంటివే వాయించేవారట. ఆ కాలపు సంగీతాన్ని ఆ కాలపు వాద్యాల మీదే వాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కూతురు అమూల్యకు ఆ పిచ్చి పట్టింది.

అమూల్యకు ఇరవై నాలుగు. తల్లి దగ్గర కర్ణాటకం, స్కూల్లో పాశ్చాత్యం, రెండూ నేర్చుకుంది. పగలు ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే, హాలెండ్‌లో ఏడాదిపాటు ఈ పాత వాద్యం నేర్పే ఫెలోషిప్పుకు దరఖాస్తు పెట్టింది. ఆ సంగీతంలో పెద్దగా కనిపించని సమాజాల నుంచి, అప్పుడే పైకొస్తున్న కళాకారుల కోసం పెట్టిన ఫెలోషిప్పు అది. ఆరుగురిని చివరి వడపోతకు పిలిచి, తలా ఒక వయొలిన్ అరువు పంపారు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వీడియోలో వాయించి చూపించాలి. ఇద్దరినే తీసుకుంటారు.

ఆ ఫారం చూసి మూర్తి చిన్నబుచ్చుకున్నాడు. మూడు తరాల సంగీతం ఉన్న ఇల్లు, మనం దేంట్లో తక్కువ అని. ఆ కచేరీల వీడియో ఏదైనా పెట్టుకుని మనలాంటి మొహం ఒక్కటి చూపించు నాన్నా అంది అమూల్య. మూర్తి నిజంగానే రెండు సాయంత్రాలు కూర్చుని వెతికాడు. దొరకలేదు. అప్పట్నుంచి ఆయన కూతురి పక్షం. సుభద్ర మాత్రం మెత్తబడలేదు. నేను నేర్పిన విద్య చాలలేదా అన్నదే ఆవిడ బాధ. పైకి అనదు, గిన్నెలు మాత్రం గట్టిగా పెడుతుంది.

గురువారం పొద్దున ఇద్దరూ ఆఫీసులకు వెళ్లాక సుభద్ర పూజగది సర్దడం మొదలుపెట్టింది. మర్నాడు మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. ఇంట్లో వాద్యాలన్నీ అమ్మవారి ముందు పెట్టడం పుట్టింటి నుంచి వచ్చిన ఆనవాయితీ. నల్ల పెట్టె అక్కడే ఉంది. ఏసీ గాలి సూటిగా తగలకూడదని అమూల్య అంటే, ఆ గాలి తగలని చోటు పూజగది ఒక్కటేనని ఆవిడే తెచ్చి పెట్టింది. తుడుద్దామని పెట్టె తెరిస్తే పక్క అరలో తీగల తాలూకు ఖాళీ కవరు కనపడింది. చేతిలోకి వచ్చాక చదవకుండా ఉంటుందా? అర్థం కాని మాట ఒకటి ఫోన్‌లో కొట్టి చూసింది.

గొర్రె పేగులు. మెలిపెట్టి, ఆరబెట్టి, తీగలుగా చేసినవి.

సుభద్ర కవరు కింద పడేసింది. పది రోజులుగా అమ్మవారి పక్కన, తను దీపం పెట్టిన చోట! ఆ క్షణంలో ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. తన అలమరలో స్టీలు తీగల సెట్టు ఉంది. తీగ తీగే కదా, స్వరం పలికితే చాలదూ అనుకుంది. టిష్యూ కాగితాలు చేతికి చుట్టుకుని బిరడాలు తిప్పి, నాలుగు తీగలూ ఒకేసారి ఊడదీసేసి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి తలుపు బయట చెత్తడబ్బాలో పడేసింది. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే కట్టాలని శిష్యుల చెవినిల్లు కట్టుకుని చెప్పే పంతులమ్మ ఆవిడే. ఒక్క పేగు కూడా ఇంట్లో ఉండకూడదన్న ఆత్రం ఆ మాట మరిపించింది. లోపలికొచ్చి కూర్చుని వయొలిన్ ఎత్తగానే తీగలను మోసే బ్రిడ్జి జారి ఒళ్లో పడింది. లోపల ఏదో టక్‌మని దొర్లింది.

సుభద్రకు వెంటనే తెలిసిపోయింది. పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య నిలబడే పుల్ల అది. తీగల బిగువు పోతే పడిపోతుంది. అది లేకపోతే వయొలిన్ పలకదు. పలికినా వయొలిన్‌లా పలకదు.

సాధన చేసుకుందామని సగం రోజు సెలవు పెట్టి అమూల్య పన్నెండింటికే వచ్చేసింది. తల్లి పూజగది గడపలో వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, పక్కన తీగల ఖాళీ కవరు.

"అమ్మా, తీగలేవి?"

"తీసేశాను. అవేమిటో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే పూజగదిలో పెట్టనిచ్చావా?"

"చెబితే పెట్టనిచ్చేదానివా?"

లోపల పుల్ల పడిపోయిందే అంది సుభద్ర. దాచే అలవాటు లేని మనిషి. అమూల్య వయొలిన్ అందుకుని మెల్లగా అటూ ఇటూ వంచింది. లోపల పుల్ల దొర్లింది. ఆ పిల్ల కేకలేస్తుందనే సుభద్ర అనుకుంది. వేసినా బాగుండేది.

"ఊళ్లో ప్రతిదాని గురించీ అడుగుతావు కదమ్మా," అంది అమూల్య. "పది రోజులనుంచి నేను దీన్ని వాయిస్తున్నాను. ఒక్కసారి కూడా ఇదేమిటే అని నన్ను అడగలేదు. కవరును అడిగావు గానీ."

సుభద్రకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మాట పడతానని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. పడ్డాక, అబద్ధమని కూడా అనలేకపోయింది.

ఫోన్ చేస్తే మూర్తి అరగంటలో వచ్చాడు. ఆఫీసులో ఒకాయన తన ఊద్ వాద్యాన్ని అల్ ఖూజ్‌లో బాగుచేయించుకుంటాడట, ఆ అడ్రసు పట్టుకొచ్చాడు. యల్లా పదండి, చీకటి పడేలోగా అన్నాడు. తీగలు మాత్రం చెత్తడబ్బాలో ఉన్నాయి. అమూల్య వంగబోతుంటే సుభద్ర ఆపింది. పడేసింది నేను, నేనే తీస్తానంది. కూరగాయల తొక్కల కింద నుంచి ఆ సంచి తీసి, ఒట్టి చేతులతోనే మూట విప్పి, తీగలు కొంగుతో తుడిచింది.

అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య, కార్ల రంగుల షెడ్డు పక్కన ఉంది ఆ దుకాణం. యజమాని ఊళ్లో లేడు. చెక్కపొట్టులో కూర్చుని ఒక పెద్దాయన ఊద్‌కు మెరుగు పెడుతున్నాడు. మూర్తి హిందీలో మొదలుపెట్టి, మధ్యలో భార్యతో తెలుగులో ఒక ముక్క అనగానే ఆయన తలెత్తాడు. పేరు భీమయ్య, ఊరు జగిత్యాల దగ్గర. ఇరవై రెండేళ్లుగా ఈ దుకాణంలోనే పని. వయొలిన్ రంధ్రంలోంచి టార్చి వేసి చూసి, జాన్ పడ్డది, ఖరాబు గాలేదు, పరేషాన్ గాకుండ్రి అన్నాడు. ఆ పుల్లను ఇక్కడి పనివాళ్లు జాన్ అంటారు, ప్రాణమని. వంకర కమ్మీ ఒకటి రంధ్రంలోకి దూర్చి ఓపిగ్గా దాన్ని లేపి నిలబెట్టాడు. అందుకు ముప్పావు గంట పట్టింది.

సుభద్ర పాత అలవాటు మెల్లగా మేల్కొంది. స్టీలువి కడితే ఏమయ్యేదని అడిగింది. దీని మెడ ఆ గుంజుడుకు ఓర్వదు, లేసొస్తది అన్నాడు భీమయ్య. అమూల్య మొహం చూడ్డానికి ఆవిడకు ధైర్యం చాలలేదు.

తీగ కట్టేటప్పుడు కొస పట్టుకోవడానికి ఒక చెయ్యి తక్కువైంది. భీమయ్య పేగు తీగను సుభద్రకే అందించాడు. ఆవిడ పట్టుకుంది. పట్టుకున్న వేళ్లు బిగుసుకుని ఉండడం ఆయన చూశాడో లేదో గానీ, ఇంట్లో ఎవరన్నా వాయిస్తరా అమ్మా అని అడిగాడు. నేను వయొలిన్, మా నాన్నగారు బాలసుబ్రహ్మణ్యం గారు మృదంగ విద్వాంసులు అని సుభద్ర కాస్త గర్వంగానే చెప్పింది.

"మృదంగమా!" భీమయ్య పని ఆపాడు. "నాకెప్పటి సంది చూడాలని ఉండె. దానికి ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు మూడూ కావాలంటరు గద. మీ నాయినకు ఎవలు తోళ్లు మూసిచ్చేటోళ్లమ్మా?"

తోటి పనివాడి గురించి అడిగిన ప్రశ్న అది. అందులో ఎత్తిపొడుపు లేదు. అయినా సుభద్రకు చేతిలో తీగ ఒక్కసారి బరువెక్కింది.

తను నుంచుని చూసే కాకినాడ ఇంటి పెరటి గుమ్మం గుర్తొచ్చింది. మూడు నెలలకోసారి ఒకాయన తోళ్ల మూటతో వచ్చేవాడు. నాన్న అరుగు మీద, ఆయన కింద నేల మీద. చిన్న రాయితో వార్లు కొడుతూ, వేలితో మీటి వింటూ, మళ్లీ కొడుతూ, నాన్న తల ఊపేదాకా గంటలు గంటలు. అమ్మ పైనుంచి మజ్జిగ పోస్తే దోసిలి పట్టేవాడు. ఆయన వెళ్లాక మృదంగం మీద పసుపునీళ్లు చల్లి లోపలికి తెచ్చేవారు. మూలా నక్షత్రం నాడు దాన్ని సరస్వతి పక్కన పెట్టి, మూడు తోళ్ల మీదా బొట్టు పెట్టింది తనే. ఏళ్ల తరబడి.

"ఆయన పేరు..." అంది సుభద్ర. బిస్కెట్ ప్యాకెట్టు వెనకాల ఊరు పేరు కూడా చదివే మనిషి, ఆ పేరు ఒక్కసారీ అడగలేదు. "నాకు తెలియదు," అంది.

భీమయ్య తలూపి పనిలో పడ్డాడు. నాలుగు తీగలూ ఎక్కాక అమూల్య చెక్కపొట్టులోనే నిలబడి వాయించింది. స్టీలులా మెరిసే నాదం కాదు. కొంచెం బొంగురుగా, పొద్దున్నే లేచిన మనిషి గొంతులా ఉంది. సుభద్ర చాలాసేపు విని, ఈ తీగలే ఎందుకే అని అడిగింది. అడగడం పది రోజులు ఆలస్యమైందని ఆవిడకు తెలుసు.

"స్టీలు మనం ఎలా లాగినా పలుకుతుందమ్మా," అంది అమూల్య. "దీన్ని బతిమాలుకోవాలి. ఒక్కో స్వరానికీ ఒక్కోలా. నాకు అదే ఇష్టం."

తిరిగొస్తూ కార్లోంచే సుభద్ర కాకినాడకు ఫోన్ చేసింది. తల్లి నాగరత్నమ్మకు ఎనభై ఒకటి. మృదంగానికి తోళ్లు మూసే ఆయన పేరేమిటమ్మా అంటే, ఇప్పుడెందుకే ఆ గోల అంది. కాసేపు ఆలోచించి, దానియేలు అని చెప్పింది. మీ నాన్నగారు పోయిన రోజు వచ్చాడే, పొద్దున్నుంచి గేటు బయటే నుంచుని వెళ్లిపోయాడు అని కూడా చెప్పింది. సుభద్ర ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చింది. అమూల్య వెనక సీట్లోంచి చెయ్యి చాచి తల్లి భుజం మీద వేసి, ఇల్లు వచ్చేదాకా తీయలేదు.

మర్నాడు ఆ వయొలిన్ పేగు తీగలతోనే అమ్మవారి ముందు కూర్చుంది. సుభద్ర దానికీ బొట్టు పెట్టింది. మూడింటికి పరీక్ష మొదలైంది. ఏసీ చల్లదనానికి మొదటి తీగ శ్రుతి జారుతోందని కూతురి కనుబొమలు ముడిపడగానే సుభద్ర లేచి ఏసీ కట్టేసింది. అక్టోబరు ఉక్కలో నలభై నిమిషాలు, మూర్తీ ఆవిడా వంటింటి గుమ్మంలో చెమటలు కక్కుతూ నిలబడి విన్నారు. వయొలిన్ స్థిరంగా పలికింది.

విజయదశమి నాడు పాయసం దించుతుండగా కబురొచ్చింది. ఇద్దరిలో అమూల్య ఒకతె. మూర్తి ఇల్లంతా తిరిగి చెప్పిందే చెబుతున్నాడు. సుభద్ర కూతురి నోట్లో పాయసం పెట్టి, ముద్దు పెట్టుకుని, తల్లికి ఫోన్ కలిపింది. మనవరాలి సంగతి విని నాగరత్నమ్మ మురిసిపోయింది. అప్పుడడిగింది సుభద్ర, ఆ దానియేలు గారు ఇంకా ఉన్నారా అని. ఉన్నాడట. కళ్లు సరిగా కనపడవట, చెవులు మాత్రం బాగా వినిపిస్తాయట.

"ఇల్లెక్కడో కనుక్కో అమ్మా. అమ్మూని విమానం ఎక్కించాక నేను వస్తున్నాను."

"వాళ్లింటికా? ఎందుకే?"

"నాన్న తల ఊపేదాకా గంటలు గంటలు ఏం విని సరిచేసేవారో అడగాలి," అంది సుభద్ర. "ఈసారి గుమ్మంలో నుంచుని కాదు. లోపలికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని అడగాలి."