ఎంగిలి కార్డులు

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఆకాశం మాత్రం అసురసంధ్యలా నల్లబడింది. దూరంగా ఉరుము దొర్లింది... ఆ వెనకే, పగటిపూట కూయకూడని గుడ్లగూబ పిట్టగోడ మీద కూసింది.

రక్తపరీక్షల ల్యాబులో భోజనాల వేళ కాగానే సూదక్క మోచేతుల దాకా చేతులు కడుక్కుని, వీధి దాటి, ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కింది. ఇరవై ఏళ్ళుగా జనం చేతుల్లోంచి నెత్తురు తీస్తున్న మనిషి కనుక అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చీము, కళ్ళె, మలం... సీసాలో ఉన్నంతవరకు ఆమెకు ఏదీ రోత కాదు. అటువంటిది ఈ గది గుమ్మం తొక్కేటప్పుడు మాత్రం ముక్కు మూసుకునేది.

అది ఒకప్పటి పళ్ళ డాక్టరు గది. వైద్యం మానేసి, ఇప్పుడాయన టారో కార్డులతో జాతకం చెప్పడం నేర్పుతున్నాడు. తోలు చిరిగిన కుర్చీ, రోగులు ఉమ్మే పళ్ళెం అలాగే ఉన్నాయి. పళ్ళెం అంచున పచ్చగా గడ్డకట్టిన పొర. అలమరలో సీసాల నిండా పీకిన పళ్ళు, కొన్నిటికి ఇంకా చిగుళ్ళ ముక్కలు. బల్ల మధ్య ఒక కపాలం. దాని దవడలు ఎప్పుడూ తడిగా ఉండేవి. ఆ తడి ఏమిటో ఆమె పరీక్ష చేయకుండానే చెప్పగలదు. ఉమ్మి.

ఆమె కంటే ముందు ఇక్కడికి వచ్చింది ఆమె చెల్లెలు. ఆ చెల్లెలి నాలుగేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడు. చివరి క్షణంలో వాడేదో చెప్పబోయాడు, చెప్పలేకపోయాడు. కార్డులు నేర్చుకుంటే ఆ మాట వినిపిస్తుందని పళ్ళ డాక్టరు ఆశపెట్టాడు. రోజుకొక కార్డు, మొత్తం ఇరవైరెండు. చెల్లెలు ఇరవైయొకటి తిప్పింది. మూడో రోజు నుంచే తనకు వాడి గొంతు వినిపిస్తోందనేది. రోజురోజుకూ చిక్కి శల్యమవుతున్న చెల్లెల్ని చూసి, ఆఖరి రోజు సూదక్క ఆమెను ఇంట్లోనే ఉంచి గదికి బయట గడియ పెట్టేసింది. ఆ సాయంత్రమే చెల్లెలి నాలుక తారులా నల్లబడింది. ముద్ద పెడితే నమలకుండా బుగ్గన దాచుకుని, పులిసి కంపు కొట్టాక మింగేది. పెదవులు కదలకుండానే ఆమె గొంతులోంచి పసివాడి మాటలు వచ్చేవి.

నిలదీయడానికి వెళ్తే పళ్ళ డాక్టరు చిరునవ్వు నవ్వాడు. ఎనభై దాటినా ఆయన జుట్టు నిగనిగలాడుతోంది.

"చదువు మధ్యలో ఆపితే ఇంతేనమ్మా. ఆమె బదులు నువ్వు మొదటినుంచి నేర్చుకో. ఇరవైరెండూ తిప్పావంటే మీ చెల్లిని వదిలేస్తుంది."

ఏది వదిలేస్తుందని ఆమె అడిగింది. ఆయన కపాలం వైపు చూశాడు.

మొదటి రోజు మూర్ఖుడి కార్డు. కొండ అంచున ఆకాశం చూస్తూ నడిచే కుర్రాడి బొమ్మ. అర్థాలు బట్టీ పట్టవద్దనీ, ముందు బొమ్మలో కాలెక్కడుందో కన్నెక్కడుందో చూడమనీ, తలకిందులుగా వస్తే ఏం మారుతుందో ఆలోచించమనీ చెప్పాడు. నిజానికి ఆయన బాగా నేర్పేవాడు. ఆమెకు మరీ రోత పుట్టించింది అదే. కార్డులు జిగటగా, వెచ్చగా ఉండేవి. ఒకదాన్ని తీస్తుంటే దాని కిందిది అంటుకుని తీగలా సాగేది. ఎందరి ఎంగిలో అట్టకట్టిన కంపు...

"వేలు నాలుకకు అద్దుకుని తిప్పు. ఎంగిలి తగిలితేనే కార్డుకు మనిషి తెలుస్తుంది" అని, ఆయన కళ్ళు మూసుకుని మంత్రం మొదలుపెట్టాడు.

సూదక్క చేయి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పనిలో చేరిన రోజున ల్యాబులో నేర్పిన మొదటి నియమం, చేయి నోటికి వెళ్ళకూడదని. ఇరవై ఏళ్ళ అలవాటు ప్రాణం పోయినా వదలదు. ఆయన మోచేతి దగ్గర స్టీలు గ్లాసులో నీళ్ళున్నాయి. చటుక్కున అందులో వేలు ముంచి కార్డు తిప్పేసింది. చెల్లికి ఏం కీడు మూడుతుందోనని భయపడింది. మర్నాడైనా నాలుకకే అద్దాలనుకుంది. చేతకాలేదు. రోజూ ఆయన కళ్ళు మూసుకోగానే ఆ గ్లాసే దిక్కయింది.

ఈరోజు ఇరవైరెండోది. పచ్చని దండ మధ్య నాట్యమాడే స్త్రీ బొమ్మ. పేరు ప్రపంచం, అర్థం పరిపూర్తి. సూదక్క వేలు ముంచింది... తిప్పింది!

మేడ అదిరేలా పిడుగు పడింది. కపాలం దవడలు కిర్రుమంటూ విడిపడ్డాయి. పళ్ళ డాక్టరు కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో గురువు లేడు.

"పూర్తయింది! నీ నాలుకా దానిదే, మీ చెల్లి నాలుకా దానిదే. నాకు మరో ఇరవై ఏళ్ళ ఆయుష్షు."

ఆయన తాపీగా గ్లాసెత్తి, నోటినిండా నీళ్ళు పోసుకుని పుక్కిలించి, మళ్ళీ ఆ గ్లాసులోకే ఉమ్మాడు. నురగతో పాటు ఒక తెల్లని తెట్టె తేలింది.

"చూస్తున్నావా? ఇన్నేళ్ళలో నా ఉమ్మి ఒక్క చుక్క బయట పడనివ్వలేదు. నోరు కడిగినా ఇందులోనే. అది దానికి దొరికితే నన్నే తింటుంది."

సూదక్క కుడిచేతి వేలు చూసుకుంది. దాన్ని బల్ల అంచుకు రుద్దుకుంటూ మెల్లగా చెప్పింది.

"నేను నాలుకకు అద్దలేదండీ. రోజూ ఆ గ్లాసులోనే ముంచాను."

ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. కపాలం బల్ల మీద గీసుకుంటూ ఆమె వైపు తిరిగింది, వాసన చూసింది... ఆయన వైపు తిరిగింది. కార్డులు ఒక్కొక్కటిగా లేచి జలగల్లా ఆయన ముఖానికి అతుక్కున్నాయి. మంత్రం కోసం నోరు తెరిచాడు. తెరవకుండా ఉండాల్సింది. కపాలం ఆ నాలుకను పళ్ళతో పట్టి మొదలంటా, తడి గుడ్డను పిండుతున్న చప్పుడుతో, మూరెడు పొడవు లాగింది. నల్లని జుట్టు కుచ్చులుగా రాలింది. చర్మం వదులై, సంచిలా జారి, పచ్చని పళ్ళెంలోకి కారింది. చివరికి కపాలం కూడా తడి ఆరి, పిండిలా రాలిపోయింది.

సూదక్క ఇంటికి పరుగెత్తింది. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. దవడ పట్టుకుని నోరు తెరిపించి చూసింది. నాలుక ఎర్రగా ఉంది.

"అక్కా, వాడి మాట ఆగిపోయింది" అంది చెల్లెలు, తన సొంత గొంతుతో.

"అది వాడు కాదే."

"తెలుసక్కా. మనవాడికి 'ర' పలికేది కాదు. అది పలికింది. మూడో రోజే తెలిసిపోయింది." చెల్లెలు తన వేలికొస చూసుకుంది. "అయినా రోజూ ఇంకో కార్డు తిప్పాను."

సూదక్క ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది.