కుజుడితో పేచీ

విశాల్ ఆ శుక్రవారం దోహాలోని అల్ ఘర్రాఫాకి వెళ్ళింది ప్రేమించడానికి కాదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇవ్వడానికి. అక్కడొక విల్లా హాల్లో తెలుగు పిల్లలకి వారం వారం సైన్సు కబుర్లు చెబుతారనీ, ప్రొజెక్టరుకి వైరు చాలడం లేదనీ స్నేహితుడు తిరుమల్ పంపించాడు. ఇచ్చేసి వచ్చెయ్యచ్చు. కానీ మనవాడికి ఉద్యోగం అంటించిన జబ్బు ఒకటుంది. ఊరి పక్కన లుసైల్‌లో కడుతున్న టవర్లకి అతను క్వాలిటీ ఇంజనీరు. కాంక్రీటు గట్టిపడిందని ఎవరు ఒట్టేసి చెప్పినా నమ్మడు, దిమ్మ తెచ్చి ఎదురుగా పగలగొట్టి చూపిస్తేనే సంతకం పెడతాడు.

హాల్లో ఒక అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. ఒక చేతిలో క్రికెట్ బంతి, ఇంకో చేతిలో పింగ్‌పాంగ్ బంతి. బరువైనది ముందు పడుతుందని పెద్దపెద్దవాళ్ళంతా తరతరాలుగా అనుకుంటూ కూర్చున్నారనీ, ఇటలీలో గెలీలియో అనే ఆయన మాత్రం అనుకోవడం మానేసి చూడటం మొదలుపెట్టాడనీ చెప్పి రెండూ వదిలింది. ఒకే చప్పుడుతో రెండూ నేలను తాకాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వెనక నుంచి విశాల్ చెయ్యెత్తాడు. కుర్చీ మీంచి వేస్తే సరే, డాబా మీంచి వేస్తే అలా పడవన్నాడు.

పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి, బిలబిలమంటూ డాబా ఎక్కేశారు. పైనుంచి వదిలితే క్రికెట్ బంతి దబ్బున పడింది. పింగ్‌పాంగ్ బంతి తీరుబడిగా వెనకబడి దిగి, ఒక్క గెంతు గెంతి పక్క విల్లాలోకి పోయింది. విశాల్ గెలిచిన మొహం పెట్టుకుని ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె చిన్నబుచ్చుకోలేదు సరికదా, కళ్ళు మెరుస్తుండగా కింది పెదవి కొరుక్కుని ఆలోచించింది.

"గెలిచింది మీరు కాదండీ, గాలి," అంది. "గాలి లేని చోటికి రండి, అప్పుడు చూద్దాం."

గాలి లేని చోట మనిద్దరం ఏం మాట్లాడుకుంటామని అడగబోయి, మొదటి రోజే అంత చనువు బాగుండదని ఊరుకున్నాడు. ఆమె పేరు తన్మయి అనీ, ఇక్కడి ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెబుతుందనీ, పుట్టింది కూడా దోహాలోనేననీ తిరుమల్‌ని అడిగి తెలుసుకున్నాడు. మరుసటి శుక్రవారం ఎవరూ అడక్కుండానే ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్ళాడు. పాతది హాల్లో అలాగే ఉంది.

అలా శుక్రవారాలు నడిచాయి. ఆమె కథ చెప్పేది, అతను పిల్లల చేత ప్రయోగం చేయించేవాడు. బతుకులో ఒక్కసారైనా తెలుసుననుకున్నవన్నీ పక్కన పెట్టి అనుమానించి చూడాలన్న డెకార్ట్ గురించి ఒక వారం. తనకి అచ్చొచ్చిన సాక్ష్యాలు లెక్కపెట్టుకుని, రానివి మరిచిపోవడం మనసుకి పుట్టుకతో వచ్చిన జబ్బన్న బేకన్ గురించి ఒక వారం. అనుమానించడమే నీతి అని నాలుగొందల ఏళ్ళ కిందటే ఒకాయన చెప్పాడంటే విశాల్‌కి చుట్టం దొరికినట్టయింది.

సూర్యుడు రోజూ ఉదయిస్తున్నాడు కాబట్టి రేపూ ఉదయిస్తాడనడం అలవాటే తప్ప రుజువు కాదని హ్యూమ్ అన్నమాట చెప్పిన రోజు, పిల్లలు వెళ్ళిపోయాక తన్మయి అతన్ని అడిగింది. అనుమానం లేకుండా మీరు నమ్మేది ఏదైనా ఉందా అని.

"శుక్రవారం నాలుగింటికి మీరు ఇక్కడుంటారని నమ్ముతాను."

"అది కూడా అలవాటే. రుజువు కాదు," అందామె, కుర్చీలు సర్దుతూ. కానీ సర్దిన కుర్చీనే మళ్ళీ సర్దింది. అది విశాల్ చూశాడు.

ఆమెకి అన్నిటికంటే ఇష్టమైనది కెప్లర్ కథ. ఆకాశంలో అన్నీ గుండ్రటి దారిలోనే తిరుగుతాయని ప్రాణంగా నమ్మిన మనిషి. కుజుడు ఒక్కడూ ఆ లెక్కకి లొంగలేదు. తేడా వెంట్రుకవాసి. ఇంకొకడైతే సరిపెట్టుకునేవాడు. కెప్లర్ ఏళ్ళ తరబడి కుజుడితో పేచీ పడి, చివరికి తన ముద్దుల వృత్తాన్నే వదిలేసుకున్నాడు. గ్రహాలు కాస్త నొక్కిన వృత్తం లాంటి దారిలో పోతాయని ఒప్పుకున్నాడు. అలాంటాయన జాతకాలు కూడా రాశాడని ఆమె చెబితే విశాల్‌కి మింగుడు పడలేదు.

ఆ నవంబరులో ఒక శుక్రవారం వాన పడింది. దోహాలో వాన అంటే ఊరంతా ఫోన్లు పట్టుకుని బాల్కనీల్లోకి వస్తుంది, రోడ్లేమో చెరువులవుతాయి. తన్మయి కారు స్టార్టవలేదు. విశాల్ తన కారులో దించడానికి బయల్దేరి రౌండెబౌట్ దగ్గర నీళ్ళలో ఇరుక్కున్నాడు. చుట్టూ హారన్లు. అద్దం మీద వైపర్లు కొట్టుకుంటున్నాయి. నువ్వంటే నాకిష్టం అని అతను చెప్పేశాడు, ముందు ఏ పరీక్షా చెయ్యకుండా. ఆమె అద్దం మీద పట్టిన ఆవిరి చేత్తో తుడిచింది.

"నాకూనూ," అంది. "నాన్నగారితో మాట్లాడు. ఒక్కటే మాట. ఆయన భయపడుతూ అక్షింతలు వేస్తే మాత్రం నేను ఆ పెళ్ళి చేసుకోను."

భయమెందుకో అప్పుడు చెప్పలేదు. అది అతనికి దుఖాన్‌లో తెలిసింది.

తన్మయి తండ్రి సుధాకరరావు దుఖాన్ చమురు బావుల దగ్గర ఇన్‌స్ట్రుమెంట్స్ విభాగంలో పెద్ద అధికారి. గేజీలు సరైన ఒత్తిడి చూపిస్తున్నాయో లేదో సరిచూడటం ఆయన పని. కంపెనీ క్వార్టర్స్‌లో ఇల్లు. విశాల్ అడిగే ప్రశ్నలు ఆయనకి ఎంత నచ్చాయంటే, భోజనం చల్లారిపోతోందని భార్య భానుమతి పిలుస్తున్నా గేజీల గురించి చెబుతూనే ఉన్నారు. వెళ్ళేముందు పుట్టిన తేదీ, టైము అడిగి పుచ్చుకున్నారు. వారం తిరక్కుండా మళ్ళీ పిలిచి, మొహం చిన్నది చేసుకుని కూర్చున్నారు.

అమ్మాయికి కుజదోషం. అబ్బాయికి లేదు. అలాంటి జంటలో అబ్బాయి ప్రాణానికే గండమని ఊళ్ళో పంతులుగారు చెప్పారట.

"నువ్వు నచ్చకపోతే ఈపాటికి సరేననేవాణ్ణేమో బాబూ," అన్నారాయన. "నచ్చావు. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

ఇంత ప్రేమగా కాదన్న మనిషితో ఎలా మాట్లాడాలో విశాల్‌కి తెలియలేదు. తెలియనప్పుడు ఊరుకోవాలి. ఊరుకోకుండా, చదువుకున్నవాళ్ళు ఇలాంటి మూఢనమ్మకాలు పట్టుకు వేళ్ళాడటం సిగ్గుచేటన్నాడు. సుధాకరరావు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

తన్మయి గేటు దాకా వచ్చింది. గెలీలియో దూరదర్శిని పెట్టి చూడమంటే కొందరు పండితులు చూడనే చూడమన్నారు, గుర్తుందా అని అడిగింది.

"నువ్వూ అంతే విశాల్. ఎదురుగా ఒక మనిషి వణుకుతుంటే చూడలేదు. చూడకుండానే తీర్పు చెప్పేశావు."

తరవాతి శుక్రవారం అతను అల్ ఘర్రాఫాకి వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. అలవాటే, రుజువు కాదని అతనికతనే అనుకున్నాడు గానీ నాలుగయ్యేసరికి కాలు ఒకచోట నిలవలేదు. సైటులో నిర్మల్ జిల్లా నుంచి వచ్చిన ఫోర్‌మన్ పోశన్న రెండు రోజులు చూసి ఇక పట్టలేకపోయాడు.

"ఏంది సార్, స్లాబు పాస్ జేస్తలెవ్వు, ఫెయిల్ జేస్తలెవ్వు. ఊకె దాని సుట్టే తిరుగుతున్నవ్. నీ పానం బాగలేదా?"

బాగానే లేదు. తను మాట జారాడని, అది తప్పని అతనికి ఆ రాత్రే తెలుసు. తెలిసినా పంతం. అలా ఉండగా భానుమతి ఫోన్ చేశారు. తన్మయి పుట్టినరోజట, తప్పకుండా రావాలట. అంకుల్ రమ్మన్నారా అని అడిగితే, ఆయన నోటితో అనరు గానీ రెండు సార్లు నీ సంగతి ఎత్తారని చెప్పారు. క్షమాపణ చెప్పుకోవాలని విశాల్ బయల్దేరాడు. అంతకు మించి ఆశేమీ పెట్టుకోలేదు.

చెప్పుకున్నాడు. సుధాకరరావు సరేలే అన్నట్టు భుజం తట్టారు. తన్మయి కళ్ళెత్తి చూసింది, అంతే. సేమ్యా పాయసం గిన్నెలు అందరి చేతుల్లోకి వచ్చేసరికి బయట పొద్దుగుంకింది. వీధి చివర మసీదులో సూర్యాస్తమయం నమాజుకి పిలిచే మగ్రిబ్ అజా మొదలైంది.

భానుమతి చేతిలో గరిటె ఆగింది. "ఇదిగో, సరిగ్గా ఈ పిలుపు వినబడుతుండగానే పుట్టింది ఇది. ఆసుపత్రి కిటికీ పక్కనే మసీదు. నర్సు వహీదా పిల్లని ఎత్తుకుని, ఎంత మంచి వేళకి వచ్చావే అంది."

ఏటా చెప్పే కథే. ఇంట్లోవాళ్ళు నవ్వుతూ విన్నారు. విశాల్ మాత్రం తలెత్తి గోడ గడియారం చూశాడు. ఏడుంబావు. జేబులో ఫోను తీసి చూశాడు. అయిదు కావస్తోంది.

గల్ఫులో చాలా ఇళ్ళలో ఉండే గడియారమే అది. ఊళ్ళో వాళ్ళు లేచారో, తిన్నారో, పడుకున్నారో తెలియడానికి ఇండియా టైము పెట్టి ఉంచుతారు. సుధాకరరావు చేతి వాచీకీ అదే టైము. డ్యూటీకి కంపెనీ గడియారాలున్నాయి, నా చేతికి మాత్రం నా ఊరి టైమే ఉండాలని ఈ దేశం వచ్చిన రోజు నుంచీ ఆయన పట్టుదల. విశాల్ గిన్నె కింద పెట్టి, జాతకంలో తన్మయి పుట్టిన టైము ఎంతని మెల్లిగా భానుమతిని అడిగాడు.

సాయంత్రం ఏడుంబావు అన్నారావిడ. ఆసుపత్రిలో ఆయన తన వాచీ చూసి రాసుకున్నదట. పుట్టిన ఊరు దోహా కాబట్టి దాన్ని దోహా టైముగానే పంతులుగారు లెక్క కట్టారట.

డిసెంబరులో ఈ దేశంలో ఏడుంబావుకి మగ్రిబ్ ఎక్కడుంది? ఆ అజా కథ ఏటా చెప్పుకున్నారు, ఆ జాతకం ఏటా చూసుకున్నారు, రెండూ పక్కపక్కన పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.

తన్మయి వంటింట్లోకి వెళ్తుంటే వెనకే వెళ్ళి చెప్పాడు. ఆమె సింకు పట్టుకుని నిలబడిపోయింది. రెండున్నర గంటలు వెనక్కి జరిగితే లగ్నమే మారిపోతుంది. దోషం పోవచ్చు. ఇంకా పెద్దదేదో రావచ్చు.

"పోతే ఏం చేస్తావు?" అని అడిగింది. "నువ్వు నమ్మని కాగితం నీకు పనికొచ్చింది కదాని దండం పెడతావా?"

"పెట్టను. కానీ తప్పు కనబడ్డాక నోరు మూసుకుని ఉండలేను తన్మయీ. మనకి లాభమో నష్టమో తరవాతి సంగతి. ఈసారి ఆయన్ని చూస్తూ చెబుతాను."

ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

విశాల్ సుధాకరరావు పక్కన కూర్చుని, తొందర లేకుండా చెప్పాడు. కొత్త లెక్క మంచికే వస్తుందన్న హామీ లేదని కూడా చెప్పాడు. ఆయన వాచీ వైపు చూశారు, గోడ వైపు చూశారు.

"చిన్నప్పుడు చెయ్యి విరిగితే కుజుడన్నాం. మెడిసిన్ సీటు రాకపోతే కుజుడన్నాం. వచ్చిన సంబంధం తప్పిపోతే కుజుడే అన్నాం." ఆయన వాచీ మీద వేలు పెట్టారు. "అన్నీ సరిపోయాయి బాబూ. తప్పు టైముకి అన్నీ సరిపోయాయి. ఫీల్డులో ఒక గేజీ తప్పని తేలితే అది చూపించిన రీడింగులన్నీ కొట్టేస్తాను నేను. నా పిల్ల విషయంలో ఒక్కసారీ సరిచూడలేదు."

తన్మయి వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. భానుమతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పాయసం మళ్ళీ వేడి చెయ్యడానికి వెళ్ళారు.

పెళ్ళి మాట మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఒక నమ్మకం ఊడిపోతే ఆ చోట నొప్పి ఉంటుంది. అది తగ్గేదాకా ఆగుదామని తన్మయి అంది, విశాల్ సరేనన్నాడు. మళ్ళీ శుక్రవారాలు అల్ ఘర్రాఫాకి వెళ్ళడం మొదలుపెట్టాడు.

జనవరిలో ఒక సాయంత్రం సుధాకరరావే ఫోన్ చేశారు. కూతురి దూరదర్శిని ఇన్నేళ్ళూ మోకాళ్ళ నొప్పుల వంక పెట్టి ఆయన ముట్టుకోలేదు. దాన్ని పట్టుకుని దుఖాన్ సముద్రపు ఒడ్డుకి రమ్మన్నారు. చీకటి పడుతుండగా నలుగురూ ఇసుకలో చేరారు. తూర్పున ఎర్రటి చుక్క ఒకటి లేచింది. తన్మయి గొట్టం తిప్పి, సరిచేసి, పక్కకి తప్పుకుంది.

ఆయన వంగి కన్ను పెట్టారు. నారింజ రంగులో చిన్న బిళ్ళ, కొంచెం వణుకుతూ. చాలాసేపు చూశారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే నాన్నా."

"ఇంత అందంగా ఉంటాడని ఎవరూ చెప్పలేదే."

ఆయన నిటారుగా నిలబడి విశాల్ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. ఆ చేతులు వణకడం లేదు. తన్మయి అది చూసి మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

నిన్న పంతులుగారికి ఫోన్ చేశానని చెప్పారాయన. కొత్త జాతకం రాయించారా అని తన్మయే అడిగింది.

"లేదమ్మా, ఇక రాయించను. ముహూర్తం పెట్టమన్నాను, అంతే. అది లేకుండా మీ అమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోలేను," అన్నారు సుధాకరరావు. చేతి వాచీ విప్పి, ముల్లు వెనక్కి తిప్పుకుంటూ, "దోహా టైములో పెట్టమని మూడు సార్లు చెప్పాను," అన్నారు.